మరల పడిన మూడు ముళ్ళు

మాఘమాసపు మంచు విడువకమునుపే మేము విజయనగరమున బస్సెక్కి, నెల్లిమర్ల మీదుగా రామతీర్థమునకు బయలుదేరితిమి. దూరము పండ్రెండు పదమూడు కిలోమీటర్లే యైనను, ఆనాటి జనసమ్మర్దమువలన గంటకు పైగా పట్టినది. ఆనాడు మాఘశుద్ధైకాదశి. అన్ని యూళ్లలో సీతారాముల కల్యాణము చైత్రమున నవమినాడు జరుగగా, రామతీర్థమున ఈ భీష్మైకాదశినాడును స్వామికి పెండ్లి జరుగును.

మాతోగూడ మా యప్ప వచ్చినది. మఱి రెండుదినములకు త్రయోదశినాడు, నాగావళి యొడ్డుననున్న తన పల్లెలో మా బావగారికి షష్టిపూర్తి. ఆయన 1966లో, విశ్వావసు నామ సంవత్సర మాఘమాసమున జన్మించినవారు. ప్రభవ మొదలు అక్షయ వఱకు అఱువది సంవత్సరములు తిరిగి, 2026లో మరల విశ్వావసు మాఘము వచ్చినది. బిడ్డలు తలిదండ్రులకు పెండ్లి చేయ నిశ్చయించిరి. అందఱును సంతోషించుచుండగా అప్ప మాత్రము ముభావముగా నుండెను.

"ఏమప్పా, పెండ్లికూతురికింత చింత యేల?" యని మేము పరిహాసమాడితిమి.

ఆమె నవ్వలేదు. "నా పెండ్లి 1988లో జరిగినది. ఈ ముప్పదియెనిమిది యేండ్లలో మేమిద్దఱము ఒక్క యింట నున్న దినములెన్నో నీకు తెలియదా? ఆనాడు చెప్పిన మాట నిలిచినదో లేదో చూడకుండ, మరల ఆ మాటయే చెప్పించుట యెందులకు?" అనెను.

మాకు వెంటనే బదులు తోచలేదు. బావగారిది ఖరగపూరు రైలు కర్మాగారమున ఉద్యోగము. మన శ్రీకాకుళపు సీమనుండి పొట్టకూటికై అచ్చటికి పోయి స్థిరపడిన తెలుగువారెందఱో గలరు. ఆయన సంక్రాంతికి దసరాకు వచ్చిపోవువారు. అత్తమామల సేవ, రెండెకరముల పొలము, బిడ్డల చదువు, ఇవన్నియు అప్ప చేతిమీదుగనే జరిగినవి. ఆ నెలాఖరున ఆయనకు ఉద్యోగ విరమణ. అయినను అచ్చటనే మఱియొక చిన్న పని కుదిరినదనియు, ఇంక నాలుగైదేండ్లుందుననియు ఆయన పుష్యమాసమున ఫోనులో చెప్పియుండిరి. అప్ప మనసున గ్రుచ్చుకొన్న ముల్లు అదియే.

రామతీర్థము చేరి కల్యాణము కన్నులార చూచితిమి. పందిరిలో మావలెనే చంకబిడ్డలతో, పూలబుట్టలతో వచ్చిన పల్లెస్త్రీలు వేలమంది. వైష్ణవక్షేత్రమయ్యును ఇచ్చట శివరాత్రికి గొప్ప జాతర జరుగుట యొక వింత. చెంతనున్న గురుభక్తుల కొండపై బౌద్ధుల శిథిలములు గలవు. ఎన్ని కాలముల భక్తి యీ రాళ్లపై నిలిచినదో!

మధ్యాహ్నము మెల్లగా బోడికొండ నెక్కితిమి. ఈ కొండపై కోదండరాముని విగ్రహమును 2020 డిసెంబరు నెలాఖరున ఎవరో భగ్నము చేసిరి. ఆ వార్త విని జిల్లా యంతయు కంటతడి పెట్టినది. మరుచటి నెలలోనే క్రొత్త విగ్రహములు వచ్చినవి. ఆలయమును తిరిగి కట్టి 2022 ఏప్రిలులో స్వామిని ప్రతిష్ఠించిరి. అప్ప చాలసేపు ఆ క్రొత్త రాతి మెట్లపై కూర్చుండి, "విరిగిన విగ్రహమును విరిగినదని యొప్పుకొనిన పిమ్మటనే గదా క్రొత్తది చేయించిరి! విరుగలేదని పూలమాల వేసి కప్పియుండినచో ఏమగును?" అనెను. ఆమె మాట యెవరినిగూర్చియో మాకు తెలిసినది.

సాయంకాలము రణస్థలము మీదుగా శ్రీకాకుళమునకు పోవుచు, అప్ప మనసు మఱల్పవలెనని మేము యూదుల పెండ్లిని గూర్చి చదివిన సంగతులు చెప్పితిమి. యూదులనగా దూరదేశపువారని తలంపనక్కఱలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున యూదమతము నాచరించు తెలుగు కుటుంబములు గలవు. యూదుల వివాహము పందిరివంటి వస్త్రము క్రింద జరుగును. అచ్చట కెతుబా యను పత్రమొకటి చదువబడును. భార్యకు అన్నవస్త్రములు, దాంపత్య ధర్మము లోపము లేకుండ జరుపుదుననియు, విడాకులైనను తాను మరణించినను ఆమెకింత ధనము చెందవలెననియు అందు భర్త యొప్పుకొనును. సాక్షులిద్దఱు చేవ్రాలు చేయుదురు. ఆ పత్రము భార్యదే. అది పోయినచో మఱియొకటి వ్రాయించువఱకు దంపతులు కలిసియుండరాదని వారి ధర్మశాస్త్రము.

"పెండ్లిరోజు వచ్చినప్పుడెల్ల మరల పెండ్లి చేసికొందురా?" యని అప్ప యడిగెను.

పెండ్లినాడును, పిదప ఏడుదినముల విందులలోను చదువు సప్తాశీర్వచనములను సంప్రదాయజ్ఞులు ఊరక మరల చదువరు. పెండ్లియైన యాలికి మరల పెండ్లి యేమని వారి తలంపు. కాని యిటీవల కొందఱు దంపతులు పెండ్లిరోజున బంధువులను పిలిచి, పాత పత్రమును చదివించుకొని, తమ మాటలలో క్రొత్తగా ప్రమాణము చేసికొనుచున్నారు. ఇది విని అప్ప తన మెడలోని సూత్రమును వ్రేళ్లతో తడవుచు, "వారిలో మగవాని మాట ఆడుదాని చేతిలో నుండును. మనలో గుర్తు మెడలో నుండును, మాట యెచ్చటనున్నదో తెలియదు" అనెను.

మఱునాడు అరసవల్లిలో సూర్యనారాయణస్వామిని దర్శించితిమి. ఏటేట మార్చిలోను అక్టోబరులోను కొన్ని దినములు ఉదయకిరణములు నేరుగా స్వామి పాదముల సోకుట అందఱెఱిగినదే. బావగారును మాతో వచ్చిరి. దంపతులు పక్కపక్కనే నిలిచిరి గాని మాటలాడుకొనలేదు.

త్రయోదశినాడు కలశములు నిలిపి, హోమము చేసి, కొడుకు కూతురు మంత్రజలముతో తలిదండ్రులకు అభిషేకము చేసిరి. అఱువదియేండ్లకు ఈ శాంతి, డెబ్బదికి భీమరథశాంతి, ఎనుబది దాటిన పిదప సహస్రచంద్రదర్శనము మన పెద్దలు విధించినవి. ఇవన్నియు భర్త వయస్సునుబట్టి లెక్కించునవే, భార్య వయస్సును అడుగువారు లేరు. మాంగల్యధారణ వేళయైనది. పురోహితులు సూత్రము నందుకొనగా అప్ప మెల్లగా, "అయ్యా, ఆనాడు మంత్రము విన్నాను గాని అర్థమెఱుగను. ఆయన నాకేమి మాట యిచ్చినారో తెలుగున చెప్పుడు" అనెను.

పందిరి నిశ్శబ్దమాయెను. పురోహితులు వృద్ధులు, సహృదయులు. "మంచి ప్రశ్న తల్లీ! నాతిచరామి యనగా ధర్మమునందు గాని, అర్థమునందు గాని, కామమునందు గాని నిన్ను దాటి నడువననుట" యని వివరించిరి.

అప్ప బావగారివంక చూచెను. ఆ చూపులో కోపము లేదు, అలసట యున్నది. ఆయన తలవంచుకొని కొంతసేపుండి, "నేను మాట దాటినాను. డబ్బు పంపినచో చాలుననుకొంటిని. మా అమ్మ పోయిననాడు నీవొక్కతెవే యుంటివి. ఆ క్రొత్త పని నాకు వద్దు. ఈ నెల గడిచిన పిమ్మట నీవు లేని యూర నుండను" అనిరి. ఆయన గొంతు వణకినది. అప్ప కన్నులు తుడుచుకొని మెడ వంచెను. మూడు ముళ్ళు పడినవి. తలంబ్రాలు పోసికొనుచు ఇద్దఱును చిన్నపిల్లలవలె నవ్విరి.

సోదరీమణులారా! పట్టుచీర, పూలదండ, ఛాయాచిత్రములు, విందుభోజనము, ఇవి యుండవలసినవే. కాని వీనికొఱకే యైనచో పెండ్లి మరల చేసికొన నక్కఱలేదు. ఏటేట దేవుని పెండ్లి మనము చేయుట ఆయన మాట తప్పెనని కాదు, మనము మఱతుమని. షష్టిపూర్తి దాక ఆగనేల? మీ పెండ్లిరోజు వచ్చినప్పుడు దంపతులిద్దఱును కూర్చుండి, ఆనాటి మాటలకు అర్థమేమో తెలిసికొని, ఎంతవఱకు నిలిచినవో దాపరికము లేక చెప్పుకొనుడు. లోపమున్నచో ఒప్పుకొనుడు. ఒప్పుకొనిన పిమ్మట చేయు ప్రమాణమునకే బలముండును.

మొన్న ఫాల్గుణమున ఖరగపూరునుండి బావగారి ఇనుపపెట్టె రైలులో దిగినది. "పెట్టె తెఱచి బట్టలన్నియు నా బీరువాలోనే సర్దినాను. చోటు చాలలేదు. అయినను బాగుగానే యున్నది" అని అప్ప మాకు ఫోనులో చెప్పినది.