తొక్కు, పట్టుకో, వదులు

కారు బ్రేకుల్లోంచి గాలి తీయాలంటే మామూలుగా ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు చక్రం పక్కన నేలమీద, ఒకరు సీట్లో. నేలమీద ఉన్నవాళ్ల చేతిలో స్పానర్, సీట్లో ఉన్నవాళ్ల కాలి కింద పెడల్. రిపేరు పుస్తకాల్లో స్పానర్ పట్టుకున్న మనిషిని 'మీరు' అంటారు. పెడల్ తొక్కే మనిషి 'సహాయకుడు'. కార్ల పిచ్చి ఉన్న మగవాళ్ల కబుర్లలోనైతే ఆ సహాయకుడు చాలాసార్లు భార్యే. వంట మధ్యలో పిలిస్తే వచ్చి, తొక్కమంటే తొక్కి, వదలమంటే వదిలి, ఒకసారి ముందే వదిలేసి తిట్లు తినే మనిషి. ఏ పుస్తకంలోనైనా పేరులేని మనిషి కనిపిస్తే అక్కడ ఆగడం నాకు చదువు నేర్పిన అలవాటు. నేను పీహెచ్‌డీ చేసింది తొలినాటి తెలుగు స్త్రీల పత్రికల మీద. 1902లో మొదలైన హిందూసుందరి దగ్గర్నుంచి 1928 నాటి గృహలక్ష్మి దాకా, స్త్రీకి ఏ విద్య నేర్పాలి, ఎంతవరకు నేర్పాలి అనే వాదాల మధ్య ఏళ్లు గడిపాను. ఏది విద్య, ఏది వట్టి పని అన్న ప్రశ్న ఒక కారు పక్కన కూడా నాకు ఎదురవుతుందని అప్పుడు అనుకోలేదు.

నా కారు 1999 నాటి మాజ్దా మియాటా. రెండే సీట్లు, గుడ్డ టాపు, చేత్తో గేర్లు మార్చుకునే బండి. పిట్స్‌బర్గ్‌లో పోస్ట్‌డాక్ ఉద్యోగం దొరికినప్పుడు చేతులు మారి మారి వచ్చినదాన్ని చవగ్గా కొన్నాను. "ఆటోమాటిక్ కొనుక్కుంటే నీకు తేలిగ్గా ఉండేది" అన్నాడు అప్పటికి నాకు భర్తగా ఉన్నతను. ఆ ఊరు కొండల ఊరు. బీచ్‌వ్యూలో కాంటన్ ఎవెన్యూ అనే వీధి వాలు 37 శాతం. మనవాళ్లు 1970లలో పెన్ హిల్స్‌లో కట్టుకున్న వెంకటేశ్వరస్వామి గుడి కూడా కొండమీదే. 2023 మార్చిలో ఆ గుడి నుంచి వస్తూ ఒక వాలులో ఎర్రలైటు దగ్గర ఆగబోతే, క్లచ్ పెడల్ నేలకి అంటుకుపోయి మళ్లీ పైకి రాలేదు. ఇంజను ఒక్క కుదుపుతో ఆగిపోయింది. హ్యాండ్‌బ్రేకు లాగి, చేతులు వణుకుతుంటే అలాగే కూర్చున్నాను.

క్లచ్ దగ్గరి చిన్న సిలిండరు కారిపోయింది, దానికి నూనె తెచ్చే రబ్బరు గొట్టం పగుళ్లు బారింది, చక్రాల దగ్గర నాలుగు బ్రేకు గొట్టాలదీ అదే పరిస్థితి. ఇరవై నాలుగేళ్ల రబ్బరు మరి! గ్యారేజీలో మనిషి ఇదంతా బాగానే చెప్పి, ఎంతవుతుందో కాగితం మీద రాసిచ్చి, "మీ ఆయన్ని ఒకసారి ఫోన్ చెయ్యమనండి, ఆయనకి వివరంగా చెప్తాను" అన్నాడు. మా ఇంట్లో అప్పటికి ఉన్నది నేనూ, ఒక కరివేపాకు కుండీనూ. విడాకుల కాగితాలు 2022లోనే వచ్చాయి. నేను బండిని అక్కణ్ణించి ఇంటికి మోయించుకొచ్చి, సిలిండరూ, స్టెయిన్‌లెస్ స్టీలు అల్లిక ఉన్న గొట్టాలూ తెప్పించుకున్నాను. బ్రేకులకి నాలుగు, క్లచ్‌కి ఒకటి.

వీటి సంగతి కాస్త చెప్పాలి. మనం పెడల్ తొక్కితే ఆ బలం నూనె ద్వారా చక్రం దాకా వెళ్తుంది. దారి చాలామటుకు ఉక్కు పైపే. కానీ చక్రం పక్కలకి తిరగాలి, గతుకుల్లో ఎగరాలి కనుక చివర జానెడు మూరెడు వంగే గొట్టం ఉండక తప్పదు. అక్కడ రబ్బరు వాడతారు. గట్టిగా బ్రేకు వేస్తే లోపల చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్లు దాటే ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడికి రబ్బరు కొద్దిగా ఉబ్బుతుంది, పాతబడేకొద్దీ ఇంకాస్త. అంటే కాలు కదిలిన దూరంలో కొంత గొట్టాన్ని ఉబ్బించడానికే పోతుంది, పెడల్ మెత్తగా, స్పాంజి తొక్కినట్టు ఉంటుంది. కొత్త గొట్టంలో లోపల ఉండేది టెఫ్లాన్. 1938లో డూపాంట్ లాబొరేటరీలో రాయ్ ప్లంకెట్ అనే కెమిస్టుకి వేరే దేనికోసమో వెతుకుతుంటే అనుకోకుండా దొరికిన పదార్థం, మన దోసె పెనాల మీద పూసేది అదే. దాని చుట్టూ సన్నటి స్టీలు తీగల అల్లిక. అది ఉబ్బదు.

అమ్మేవాళ్లు ఎంత ఊదరగొట్టినా, ఈ గొట్టాలు మార్చినంత మాత్రాన కారు ముందుకన్నా తక్కువ దూరంలో ఆగదు. ఎంత దూరంలో ఆగుతుందన్నది చివరికి టైర్లూ రోడ్డూ తేల్చుకునే విషయం. మారేదల్లా కాలికి తెలిసేది. బ్రేకు ఎక్కడ పట్టుకోవడం మొదలైందో, ఎంత పట్టుకుందో కాలికి స్పష్టంగా తెలుస్తుంది. ఇంత చిన్న లాభానికి అంత డబ్బు, అంత శ్రమ ఎందుకని ఒక స్నేహితుడు అడిగాడు. కాలికి తెలియడం చిన్న లాభమని అతను ఎలా నిర్ణయించాడో నాకు అర్థం కాలేదు. ఇక ఒత్తిడంతా మింగి ఉబ్బిపోయే రబ్బరు గొట్టం గురించి చదువుతుంటే మీకు ఆడవాళ్ల జీవితంతో ఒక పోలిక తోచే ఉంటుంది. నాకూ తోచింది. దాన్ని పక్కన పెట్టేస్తున్నాను, ఎందుకంటే ఈ పనిలో మాకు అక్కరకొచ్చిన పోలిక అమ్మ చేసింది.

అమ్మ మే నెలలో రాజమండ్రి నుంచి వచ్చింది. బ్రేకులు తొక్కడానికి కాదు, నన్ను వెంటబెట్టుకు వెళ్లడానికి. ఒంటరిగా ఆ ఊళ్లో ఎందుకు, హైదరాబాదులో ఏదో ఒక కాలేజీలో ఉద్యోగం దొరకదా అని ఫోన్లో మొదలైన మాట విమానం ఎక్కి వచ్చింది. నాన్న పోయి ఆరేళ్లు. అమ్మ ముప్ఫై ఏళ్లకు పైగా ఇంట్లో తొక్కుడు మిషను మీద వీధి వీధంతటికీ జాకెట్లు కుట్టింది. నా బీఏ ఫీజులు ఆ మిషనే కట్టింది. అయినా ఇంటికి వచ్చినవాళ్లతో నాన్న "ఆవిడేం చెయ్యరండీ, ఇంట్లోనే ఉంటారు" అనేవాడు.

ఆ దేశంలో చలికాలం రోడ్ల మీద ఉప్పు జల్లుతారు. ఆ ఉప్పుకి గొట్టాల దగ్గరి నట్లు తుప్పుతో బిగుసుకుపోతాయి. తొందరపడి తిప్పితే నట్టు అంచులు అరిగిపోతాయి, లేదా దానితోపాటు ఉక్కు పైపు కూడా మెలితిరిగి తెగుతుంది. రెండు రోజులు తుప్పునూనె పోసి నాననిచ్చాను. ఆ రెండు రోజులూ అమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తూ ఉంది. కొత్త గొట్టాన్ని చేతిలోకి తీసుకుని, "జడ అల్లినట్టు ఎంత బాగా అల్లారే!" అంది.

అప్పుడే అమ్మకి బెర్తా బెంజ్ కథ చెప్పాను. 1888 ఆగస్టులో భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా, వంద కిలోమీటర్లకు పైగా, భర్త తయారుచేసిన కారు నడుపుకుంటూ పుట్టింటికి వెళ్లింది. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తీసింది, ఒక తీగకి మేజోడు పట్టీ చుట్టింది. ఈ రెండు సంగతులూ అందరూ ముచ్చటగా చెప్తారు, అవి ఆడవాళ్ల వస్తువులు కనుక. మూడోది నేను చదివినచోటల్లా అర వాక్యంలో తేల్చేశారు. వాలు దిగేటప్పుడు చెక్క బ్రేకులు అరిగిపోతుంటే, దారిలో చెప్పులు కుట్టే అతని దగ్గర ఆగి వాటికి తోలు కొట్టించింది. అరిగే భాగం మీద మార్చుకోవడానికి వీలైన పొర ఒకటి వెయ్యడం, ఈ రోజు ప్రతి కారు బ్రేకులోనూ ఉన్నది అదే సూత్రం. ఆ కారు వెనక డబ్బు కూడా కొంత ఆవిడదే, పెళ్లికి ముందే కట్నం సొమ్ము తీసి అతని వ్యాపారంలో పెట్టింది. పెళ్లయ్యాక ఆనాటి జర్మను చట్టం ప్రకారం ఆ పెట్టుబడి మీద ఆవిడ మాట చెల్లలేదు. 1886 నాటి పేటెంటు భర్త పేరున ఉంది.

అమ్మ అంతా విని, "కట్నం ఆవిడది, బ్రేకు ఆవిడది, కంపెనీ ఆయనదా!" అని నవ్వింది.

మూడోరోజు నట్లు వదిలాయి. గొట్టాలు బిగించడం పెద్ద కష్టం కాదు. చక్రం వైపు బోల్టుకి అటూ ఇటూ కొత్త రాగి వాషర్లు వెయ్యాలి, గొట్టం మెలి పడకుండా చూడాలి, స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి ఎక్కడా లాగడం, రాసుకోవడం లేదని చూసుకోవాలి. ఇక మిగిలింది గాలి తీయడం. అమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని ఆ పొట్టి కారులో కూర్చుని, "నేలమీద పీట వేసుకున్నట్టుంది" అంది. దూరంగా ఉన్న కుడి వెనక చక్రంతో మొదలుపెట్టాం. తొక్కు అంటే తొక్కాలి. పట్టుకో అంటే అలాగే నొక్కి ఉంచాలి. నేను చక్రం దగ్గరి చిన్న నట్టు పావు చుట్టు విప్పితే పాత నూనె, బుడగలు పారదర్శకమైన ట్యూబులోంచి సీసాలోకి వస్తాయి, పెడల్ కిందికి దిగుతుంది. నేను మళ్లీ బిగించి వదులు అన్నాకే కాలు తీయాలి. ముందే తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది.

నాలుగోసారికి అమ్మ నేను చెప్పకముందే లయ పట్టుకుంది. "మిషను మీద దారం బిగువు సరిగ్గా లేకపోతే కాలికే తెలిసిపోతుందే. ఇదీ అంతే. ఇంకా మెత్తగా ఉంది" అంది. ట్యూబులో నాకు బుడగలు కనబడటం లేదు. అయినా ఇంకోసారి తొక్కించి విప్పాను. ఆవగింజంత బుడగ ఒకటి జారి వచ్చింది. తర్వాత నుంచి ప్రతి చక్రం దగ్గరా నట్టు ఎప్పుడు చివరిసారి బిగించాలో అమ్మే చెప్పింది.

ఎడమ ముందు చక్రం దగ్గర ఉన్నప్పుడు అడిగింది. నేను ఆవిడకి కనబడను, ఆవిడ నాకు కనబడదు. బహుశా అందుకే అడగగలిగింది.

"అతను కొట్టేవాడా?"

"లేదమ్మా."

"మరి?"

"నేను చెప్పేది ఏదీ నిజమనుకునేవాడు కాదు. తలనొప్పంటే కాదనేవాడు. క్లచ్ తేడాగా ఉందంటే, నీకు నడపడం రాదనేవాడు."

చాలాసేపు చప్పుడు లేదు. పెడల్ నొక్కే ఉంది, నేను వదలమనలేదు కనుక. తర్వాత అంది: "1997లో మీ నాన్న మారుతి కొన్నప్పుడు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకి తీసుకెళ్లి రెండురోజులు నాకు నేర్పారు. క్లచ్ నీకు రాదు అని మానేశారు. నాకు రాకపోవడమేంటే? అది ఎక్కడ అందుకుంటుందో రెండోరోజే నా కాలికి తెలిసిపోయింది. పక్కన కూర్చుని అంతలా అరుస్తుంటే కాలు ఎలా వింటుంది?"

ఇరవై ఆరేళ్లలో ఈ మాట అమ్మ ఎవరితోనూ అనలేదట. నేను "వదులు" అన్నాను. వదిలింది. ఆ సాయంత్రం హైదరాబాదు ఉద్యోగాల ఊసు రాలేదు. తర్వాత కూడా రాలేదు.

క్లచ్ చివర చేశాం. గాలంతా పోయాక అమ్మ మెల్లగా తొక్కి, వదిలి, మళ్లీ తొక్కి, "ఇది బాగుంది" అంది. బ్రేకు నూనె పడితే రంగు లేచిపోతుందని బకెట్టు నీళ్లతో కారు అంతా కడిగింది కూడా ఆవిడే. పెన్సిల్వేనియాలో కార్లకి ఏటా భద్రతా తనిఖీ ఉంటుంది. తనిఖీ చేసినతను లైటు వేసి గొట్టాలు చూసి, ఎవరు వేశారని అడిగితే మా అమ్మా నేనూ అన్నాను. స్టిక్కరు అంటించి ఇచ్చాడు.

ఈ స్టీలు అల్లికకి ఒక లోపం ఉంది. లోపలి గొట్టం పాడైతే పైకి కనబడదు. ఇసుక రేణువులు అల్లికలో చేరి లోపల్నుంచి కోస్తాయి. అందుకే పైన ప్లాస్టిక్ పూత ఉన్నవి కొన్నాను, ఇంజను ఆయిలు మార్చినప్పుడల్లా ఒక్కోటీ వేలితో తడిమి చూస్తాను. అమ్మకి ఇది కూడా చెప్పాను. ఇప్పుడు రాజమండ్రి నుంచి వీడియో కాల్ చేసినప్పుడు తిన్నావా అని అడిగాక రెండో ప్రశ్న అదే అడుగుతుంది: "పెడల్ పైనే అందుతోందా?"