తోతాపురికి మన ఇంట్లో పీట వేద్దాం

మీ మిక్సీ ఆగి ఆగి తిరగతా ఉంటే అప్పుడే అనుకున్నాను, అది చట్నీ మోత కాదు, ఐస్‌క్రీం మోత అని. చట్నీ అయితే ఒక్క ఊపులో అయిపోతాది. ఐస్‌క్రీం అయితే కాసేపు తిరిగి, మూత తీసి చూసి, వేలు పెట్టి నాకి, మళ్ళా తిరగతాది. నా దగ్గరేం దాచుకుంటారులే. జ్యేష్ఠ మాసం వచ్చిందంటే మన తిరుచానూరులో ఏ ఇంటికి చుట్టాలు రారు చెప్పండి? పౌర్ణమి దాకా అయిదు రోజులు పద్మసరోవరంలో అమ్మవారి తెప్పోత్సవం. సాయంకాలం తెప్ప చూడాల, దానికి ముందు మధ్యాహ్నమంతా ఎవరో ఒకరికి ఏదో ఒకటి చల్లగా అందిస్తా ఉండాల. పిల్లలైతే సరే. ఆ వచ్చిన పెద్దాయన, షుగరుందని కాఫీలో చక్కెర వద్దంటాడా, ఐస్‌క్రీం గిన్నె వచ్చేసరికి మాత్రం "కొంచెమే వెయ్యమ్మా" అని రెండోసారి కూడా చాపుతాడు. ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మీ ఇంట్లో ఎవరో నాకు తెలుసు, పేరు చెప్పనులెండి.

ఫ్రిజ్ దగ్గర మనుషుల గుణాలు తెలిసినట్టు ఇంకెక్కడా తెలీవు. గడ్డకట్టిందా లేదా అని పది నిమిషాలకోసారి తలుపు తీసి చూసేవాళ్ళు ఉంటారు చూడండి, వాళ్ళ వల్లే అది గడ్డకట్టదు. తీసినప్పుడల్లా చల్లగాలి పోతాది, వేడిగాలి లోపలికి పోతాది, పైన మంచుపొర పడతాది. ఇంకో రకం, ఐస్‌క్రీం డబ్బా ఖాళీ అయినాక పారెయ్యలేనివాళ్ళు. మూత మీద వెనిల్లా అని ఉంటాది, లోపల దోసెపిండి. ఆ మూత తీసిన పిల్లోడి మొహం మీరెప్పుడైనా చూసినారా? పాపం, ఏడుపొక్కటే తక్కువ. ఇంక గొంతు పడతాదని ఐస్‌క్రీంని గిన్నెలో పెట్టుకుని, పూర్తిగా కరిగేదాకా కలిపి కలిపి, పాయసం చేసుకుని తాగే ముసలమ్మలు మన వీధిలో ఎంతమందని. అడిగితే, చల్లదనం వద్దు, రుచి కావాల అంటారు. వాళ్ళ మాట వాళ్ళది.

సరే, అసలు మాటకి వస్తాను. మీరు మామిడిపండు ముక్కలు లోపలే వేసి గడ్డ కట్టిస్తా ఉండారు, అవునా? అట్లా చెయ్యబాకండి. మామిడిపండులో నూటికి ఎనభై పాళ్ళకు పైన నీళ్ళే. పాలల్లో చక్కెర కలిసి ఉంటాది కాబట్టి ఐస్‌క్రీం మెత్తగా నిలబడతాది, ముక్కలో ఉండే నీళ్ళు మాత్రం రాయి మాదిరి బిగుసుకుంటాయి. పన్ను సరిగ్గా అక్కడే పడతాది. పండు రుచి కూడా ఆ చలికి పడుకుంటాది. పండుని వేరేగా చక్కెరతో ఉడికించి, చిక్కగా చేసి, చల్లార్చి, తినేటప్పుడు మీద పొయ్యాల. అప్పుడు కింద చలవ కిందే, మీద పండు మీదే.

ఇదేం మన కొత్త తెలివి కాదు. 1890ల్లో లండన్‌లో సవాయ్ హోటల్ వంటశాలకు ఎస్కాఫియే అనే ఫ్రెంచాయన పెద్ద. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన గొప్ప గాయని నెల్లీ మెల్బా కోసం వెనిల్లా ఐస్‌క్రీం మీద పీచ్ పండ్లు పెట్టి ఇచ్చినాడు. కొన్నేళ్ళకు దాని మీదే రాస్ప్‌బెర్రీ గుజ్జు కూడా పోసినాడు. పీచ్ మెల్బా అని ఈ రోజుకీ పెద్ద హోటళ్ళలో ఆమె పేరుతోనే ఇస్తారు. నాకు ఆ రెండో పనే నచ్చింది. పీచ్ తీపి, ఐస్‌క్రీం తీపి. తీపి మీద తీపి పడితే నాలుక మొద్దుబారతాది. దానికి పులుపున్న పండు కావాల. ఆయన రాస్ప్‌బెర్రీ ఎంచుకున్నాడు. మనకి వెతికే పనే లేదు, ఇంటి చుట్టూ తోతాపురి.

మొహం చిట్లించబాకండి! తెలుసు, ఇంటికి తెచ్చేది బేనిషా, బాగా డబ్బులున్నప్పుడు ఖాదరు, ఎవరన్నా పంపిస్తే ఇమాంపసందు. తోతాపురి అంటే ఫ్యాక్టరీ కాయ. లేదంటే గుడికి పోయే దారిలో ఉప్పూకారం చల్లి ఇచ్చే పచ్చికాయ. ఆ కోసే ఆమె చెయ్యి ఎప్పుడైనా నిలబడి చూడండి. ముక్కలు విడిపోకుండా మొదట్లో పట్టు ఉంచి చకచకా గాట్లు పెడతాది, కత్తి టెంకకి తగిలీ తగలకుండా ఆగతాది, కారం అన్ని సందుల్లోకీ ఒక్క చిటికెలో పోతాది. పచ్చికాయకి ఆ మర్యాద ఉండాది. పండుకే లేదు. పండంతా లారీలెక్కి పోతాది. 2022లో చిత్తూరు జిల్లాని విడగొట్టినారు గానీ మామిడికి గీత పడలేదు. దామలచెరువు మార్కెట్టు, బంగారుపాళ్యం మార్కెట్టు, చిత్తూరు చుట్టూ గుజ్జు ఫ్యాక్టరీలు, అన్నీ ఒకే దారి. గుజ్జు తీసి, 3.1 కిలోల డబ్బాల్లో, పెద్ద పెద్ద డ్రమ్ముల్లో నింపి గల్ఫ్‌కి, యూరప్‌కి పంపిస్తారు. మన దేశంలో మాజా, ఫ్రూటీ తాగే పిల్లోళ్ళ నోట్లో పడేదీ ఎక్కువగా తోతాపురి గుజ్జే. మన చెట్టు కాయని మనం ఫ్యాక్టరీకి పంపి, సీసాలో పోసి ఇస్తే మళ్ళా కొనుక్కుంటా ఉండాము. నాకు అది బాగలేదు. కొయ్యడానికి గట్టి కాయ, గుజ్జెక్కువ, టెంక చిన్నది, పీచు తక్కువ, తీపిలో కొంచెం పులుపు దాచుకున్న పండు. సాసు చెయ్యడానికి ఇంతకన్నా ఏం కావాల?

చేసేది చెప్తా వినండి. తోతాపురి పండింది అంటే బేనిషా మాదిరి పసుపంతా ఎక్కదు, ఆకుపచ్చ అక్కడక్కడా ఉండిపోతాది. రంగు చూసి మోసపోకండి, తొడిమ దగ్గర వాసన చూడండి. పండకపోతే కాగితాల్లో చుట్టి గడ్డిలో నాలుగైదు రోజులు పెట్టండి. కార్బైడ్ పెట్టి మాగేసిన పండు వద్దు, మన దేశంలో అది ఎప్పుడో నిషేధించినారు. రెండు పెద్ద పండ్లు తొక్క తీసి, మిక్సీలో వేసి, జల్లెడలో వడగట్టండి. రెండు కప్పుల గుజ్జుకి అరకప్పు చక్కెర, చిటికెడు ఉప్పు. మందపాటి గిన్నెలో సన్న మంట మీద పెట్టి కలపతానే ఉండండి. ఇక్కడ పక్కకి పోబాకండి. గుజ్జు బుడగ కట్టి చిట్లినప్పుడు చేతి మీద పడితే చురుక్కుమంటాది, పొడుగు గరిటె తీసుకోండి. గరిటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత కలిసిపోకుండా నిలబడాల, అదే పాకం. దించినాక అర చెక్క నిమ్మకాయ పిండండి. వేడి మీద పిండితే వాసన పోతాది, కొంచెం ఆరనిచ్చి పిండండి. మూత ఉన్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. కాటుక డబ్బా అంత నిమ్మకాయతో ఇంత మార్పా అని మీరే అడగతారు.

ఐస్‌క్రీం సంగతి. బజారులో దొరికే ఫ్రెష్ క్రీమ్ కొని, గిలక్కొట్టి గిలక్కొట్టి చేతులు పడిపోయినాయని మీరే అంటిరి. అది నురగ రాదు. అందులో వెన్న నూటికి పాతిక పాళ్ళు, నురగ నిలబడాలంటే ముప్పయి దాటాల. మనకెందుకు ఆ అవస్థ, ఎనుము పాలు ఉండగా. ఒక లీటరు చిక్కటి పాలు మూడొంతులయ్యేదాకా మరిగించండి. నూట యాభై గ్రాముల చక్కెర. రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ చల్లటి పాలల్లో కలిపి పొయ్యండి, వేడి పాలల్లో వేస్తే ఉండలు కడతాది. పూర్తిగా ఆరినాక తాజా మీగడ ఒక కప్పు. తాజాది అన్నాను, వారమంతా దాచిన మీగడ కాదు, అది పులుస్తాది. మిక్సీలో ఒకటి రెండు తిప్పులే. ఎక్కువసేపు తిప్పితే వెన్న పడతాది, అప్పుడు నెయ్యి కాచుకోవాల్సిందే. డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టి, అంచులు గట్టిపడి నడిమధ్య ఇంకా వదులుగా ఉన్నప్పుడు తీసి మళ్ళా ఒక తిప్పు తిప్పండి. లోపల కట్టే మంచు పలుకులు అప్పుడే పగలతాయి. ఇంకోసారి కూడా చేస్తే మరీ మంచిది. ఆ తర్వాత రాత్రంతా పెట్టండి, పొద్దున దాకా తలుపు తియ్యబాకండి. మీ ఇంట్లో తీసేది ఎవరో వాళ్ళకీ చెప్పండి.

ఇంకో మాట, ఇది ముఖ్యం. మీ ఫ్రిజ్‌లో మల్లెపూలు ఉంటాయి, శుక్రవారానికి తులసి ఉంటాది, అడుగున పుల్లటి దోసెపిండి ఉంటాది. వెన్న ఉండే వస్తువు పక్కనుండే వాసనలన్నీ లాగేస్తాది. గట్టి మూత, దాని మీద ఒక కవరు. కొనుక్కునే డబ్బా అయినా మీద ఏం రాసి ఉందో చదవండి. ఐస్‌క్రీం అని రాయాలంటే నూటికి కనీసం పది పాళ్ళు పాల వెన్న ఉండాలని మన ఆహార నిబంధన. ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉంటే అందులో ఉండేది వంటనూనె కొవ్వు. పిల్లల తాతలకి కళ్ళజోడు ఉంటాది కదా, ఆ చిన్న అక్షరాలు వాళ్ళ చేత చదివించండి, వాళ్ళకీ ఒక పని.

వడ్డించేటప్పుడు పొడుగు గ్లాసులో అడుగున ఒక గరిటెడు సాసు, మీద ఐస్‌క్రీం, మళ్ళా సాసు. చెనక్కాయ గింజలు వేయించి, పొట్టు ఊది, కచ్చాపచ్చాగా దంచి చల్లండి. జీడిపప్పు కంటే ఇదే బాగుంటాది, పులుపు మీద ఆ వేయించిన వాసన పడితే. ఆగస్టు దాటి మామిడి లేనప్పుడు సీతాఫలం వస్తాది, అది మాత్రం ఉడికించకండి, చేదెక్కుతాది. నేరేడు పండ్లు ఇప్పుడే ఉండాయి, వాటితోనూ ఇదే పద్ధతి. రంగు చూసి చుట్టాలు ఏ ఊరి నుంచి తెప్పించినారని అడగతారు, చూడండి.

2025 వేసవిలో తోతాపురి కొనే దిక్కులేక రైతులు కాయని రోడ్డు పక్కన పారబోసినారు, మీకు గుర్తుండే ఉంటాది. కిలోకి 12 రూపాయలని ప్రభుత్వం చెప్పింది, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం. కిలో 12 రూపాయలండీ! ఒక ఐస్‌క్రీం కప్పు ఎంతుందో మీకు తెలుసు కదా. ఏడాది పొడుగునా నీళ్ళు కట్టి, మందు కొట్టి, కోత కూలి ఇచ్చి, లారీ బాడుగ కట్టినోడికి అది. మన ఇళ్ళల్లో నాలుగు కిలోలు కొనడం వల్ల వాళ్ళ కష్టం తీరిపోదు, నాకు తెలుసు. అయినా కొనాల.

రేపు చంద్రగిరి దిక్కు పోతారు కదా, దామలచెరువు దాకా పోయే పనే పడితే ఇంకా మంచిది. రోడ్డు పక్కన తోతాపురి కుప్ప కనబడితే బండి ఆపండి. కాయ గట్టిగా, మచ్చ లేకుండా ఉండేవి ఏరుకోండి. బేరం ఆడబాకండి, చెప్పిన రేటిచ్చి తీసుకోండి. నాక్కూడా నాలుగు కిలోలు తెండి, డబ్బులు ఇప్పుడే ఇస్తాను, పట్టుకోండి.