పేరు చెప్పని తాళపుచెవి



నెల రోజులుగా ఇక్కడ ఏమీ వ్రాయలేకపోయాను. ఒక చిన్న ఆజ్ఞ దగ్గర ఆగిపోయాను. ఆ ముచ్చట చెబితే నా బోటివారికి ఎవరికైనా ఉపకరిస్తుందేమోనని ఈ టపా.

నా సహధర్మచారిణి కాలం చేసి నాలుగేళ్ళయింది. ఆమె వ్రాసిపెట్టుకున్న పదకొండు నోటుపుస్తకాలు నా దగ్గరున్నాయి. మేలుకొలుపులు, తలంటి పాటలు, అప్పగింతల పాటలు. నడుమనడుమ పాలవాడి లెక్కలు, పిల్లల జ్వరాల తేదీలు. అక్కడ సిరా వెలిసిపోతున్నది, ఇక్కడ నా చూపు మందగిస్తున్నది. ఏది ముందు ముగిసిపోతుందో అన్న భయంతో పుటలన్నీ ఫోటోలు తీసి, చేతివ్రాతను చదివి అక్షరాలుగా మార్చే ఒక సేవకు పంపాలని తలపెట్టాను.

ఆ సేవకు ఏపీఐ అనే ద్వారం ఉన్నది. ప్రవేశించాలంటే కీ కావాలి. అదొక పొడవాటి అర్థరహిత అక్షరాల వరుస. ప్రతి అభ్యర్థన వెంటా అది వెళ్ళాలి; ఖర్చు ఎవరి ఖాతాలో వ్రాయాలో దానిని బట్టే తెలుస్తుంది. అభ్యర్థనలు పంపే పనిని ఒక ఏఐ ఏజెంటుకు అప్పగించాను. మనం తెలుగులో చెబితే చాలు, టెర్మినల్లో ఆజ్ఞలన్నీ అదే నడుపుతుంది.

మొదటిరోజు ఆ కీని నేరుగా దానితో సంభాషణలోనే అతికించాను. అది బుద్ధిగా ప్రోగ్రాములో వ్రాసుకొని రెండు పుటలు చదివిపెట్టింది. ఆనందం పట్టలేక ఆ ప్రోగ్రామును హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న నా పాత శిష్యుడికి మెయిల్లో పంపాను. పది నిమిషాలకు ఫోను.

"మాస్టారూ, ముందు ఆ కీని రద్దు చేయండి. తరువాత మాట్లాడుకుందాం."

"నీకే కదరా పంపాను, నువ్వేమైనా పరాయివాడివా?"

"నా సంగతి కాదండీ. సంభాషణలో పెట్టారు, అది సర్వరుకు వెళ్ళింది. ఫైల్లో ఉంది, మెయిల్లో ఉంది. రేపు ఎవరి చేతికి చిక్కినా వాడుకునేది వాళ్ళు, బిల్లు కట్టేది మీ పింఛను."

నోటుపుస్తకం బడిలో మరచిపోయి వచ్చిన పిల్లవాడిలా నిలబడి విన్నాను. పాత కీ రద్దు చేసి కొత్తది తీసుకున్నాను. దీనిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టమన్నాడు. విలువను ఎక్కడా వ్రాయకుండా, దానికొక పేరు పెట్టి, ప్రోగ్రాములో ఆ పేరుతోనే పిలవడం. యూనిక్స్ ఏడవ వెర్షన్‌తో 1979లో వచ్చిన ఏర్పాటట. ఆ ఏడు నేను పండిత శిక్షణలో సంజ్ఞా పరిచ్ఛేదం వల్లె వేస్తున్నాను. సంజ్ఞ వేరు, సంజ్ఞి వేరు అని ఎన్ని తరగతులలో చెప్పానో! ఇదీ అదే కదా అనుకొని ధైర్యం తెచ్చుకున్నాను.

కాని మూడు రోజులు ఒకటే జవాబు: 401. అనధికారమని అర్థం. ఏజెంటు చేతనే ఎక్స్‌పోర్ట్ ఆజ్ఞ ఇప్పించాను. మరుసటి ఆజ్ఞకే ఆ పేరు వెనుక శూన్యం. వేరే కిటికీ తెరచి నేనే స్వయంగా ఇచ్చాను. ఏజెంటుకు అదీ కనబడలేదు. యంత్రం మీద కోపం వచ్చింది. ఆమె ఉంటే "ముందు అన్నం తినండి" అని ఉండేది.

మళ్ళీ శిష్యుడే విప్పి చెప్పాడు. ఒక ప్రక్రియ మరొక ప్రక్రియను పుట్టించినప్పుడు తన పరిసరపు నకలును దానికి ఇస్తుంది. పిల్ల చేసుకున్న మార్పు తల్లికి చేరదు. ఒకసారి పుట్టినదానికి పక్క కిటికీలో చేసినది తెలియదు. నేను వాడుతున్న ఏజెంటు ఒక్కొక్క ఆజ్ఞకూ ఒక్కొక్క కొత్త షెల్ తెరుస్తుంది. ఆజ్ఞ ముగియగానే ఆ షెల్‌తోపాటు అందులో పెట్టిన పేరూ పోతుంది.

అప్పుడు నాకు పాణిని అనువృత్తి గుర్తుకు వచ్చింది. పై సూత్రంలోని పదం క్రింది సూత్రాలకు దిగుతుంది. క్రింది సూత్రంలో చెప్పినది పైదానికి ఎక్కాలని నేను మూడు రోజులు పట్టుబట్టాను. అధికారం పైన చెప్పకపోతే క్రింద అనధికారం కాక మరేమి వస్తుంది?

కనుక క్రమం ఇది. ఏజెంటును మూసివేయాలి. టెర్మినల్లో ముందుగా పేరుకు విలువ ఇవ్వాలి. విలువను ఆజ్ఞలోనే టైపు చేస్తే అది చరిత్ర ఫైల్లో మిగిలిపోతుంది గనుక, అక్షరాలు తెరపై కనబడకుండా రీడ్ ఆజ్ఞతో తీసుకొని ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఆ కిటికీలోనుంచే ఏజెంటును మొదలుపెట్టాలి. విలువ చేరిందో లేదో చూడాలంటే దానిని అచ్చువేయించక, ఎన్ని అక్షరాలున్నాయో మాత్రం చెప్పమనాలి. ఇంత చేసినా అది అభేద్యమైన కోట కాదు. ఆ పరిసరంలో నడిచే ఏజెంటు తలచుకుంటే విలువను చదవగలదు. అందుచేత సేవా ఖాతాలో ఖర్చుకు ఒక పరిమితి కూడా పెట్టుకున్నాను.

నాలుగవనాడు పుటలు వరుసగా రాసాగాయి. తప్పులు ఉన్నాయి. ఉగ్గుగిన్నెను ముగ్గుగిన్నె అని చదివింది, దిద్దాను. ఏడవ పుస్తకంలో ఒక లెక్కల పుట వచ్చింది. "వారికి కళ్ళజోడు 140" అని ఆమె వ్రాసుకున్నది. క్రింద ఏజెంటు తన మాటగా, ఇక్కడ 'వారు' అంటే ఎవరో స్పష్టంగా లేదు, పేరు తెలిస్తే చేర్చనా అని అడిగింది.

ముప్పైతొమ్మిదేళ్ళ కాపురంలో ఆమె నా పేరు పలికి ఎరుగదు. ఎదుట "ఏమండీ", ఇరుగుపొరుగుతో "మావారు", పుస్తకంలో "వారు". విలువ ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు, పలకవలసిన పని ఉండేది కాదు.

వద్దు, అలాగే ఉంచు అని టైపు చేశాను.

ఇంకా నాలుగు పుస్తకాలు మిగిలాయి. పాటలను దిద్దిన కొద్దీ ఇక్కడ పెడతాను. లెక్కల పుటలు మాత్రం నా దగ్గరే ఉంటాయి. కీని దాచుకొనేందుకు ఇంతకన్న మేలైన పద్ధతి మీలో ఎవరికైనా తెలిస్తే తెలుపగలరు.