పేరు లేని కుట్టు

పేరు గొప్ప, ఊరు దిబ్బ అని తెలుగులో ఒక సామెత ఉన్నది. ఆర్భాటమే తప్ప సారం లేనివారిని గురించి పెద్దలు దీనిని వాడుతారు. మా ఫలక్‌నుమా గల్లీలలో నివసించేవారు మాత్రం ఈ సామెతను తలక్రిందులుగా చదువుకోవలసి ఉంటుంది. ఇక్కడ పని గొప్పది, పేరే లేదు. ఈ మాట మాకు ఆలస్యంగా తెలిసివచ్చినది. తెలియజెప్పినది మా విద్యార్థినులలో ఒకరు. ఆ కథనే ఈ సంచికలో మీ ముందుంచదలచినాము.

మా పేటలో ఎక్కడ నిలబడి తల ఎత్తినా కొండ మీది ఫలక్‌నుమా ప్యాలెస్ కనిపిస్తుంది. ఆకాశానికి అద్దమని ఆ పేరుకు అర్థం. పాయిగా వంశీయుడైన నవాబ్ వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించి, ఏళ్ళ తరబడి శ్రమించి కట్టించుకొన్న ఆ భవనం ఆ తరువాత ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వశమైనది. 2010 నుండి అది హోటలు. అటువంటి చోట జరిగే పెండ్లిళ్ళకు వచ్చే వధువుల ఖడా దుపట్టాలు, లెహంగాలు చూచి జనం ముక్కున వేలు వేసుకొంటారు. ఇటువంటి పెండ్లిబట్టల మీది జరీ పువ్వులు ఎన్నో పాతబస్తీ గల్లీలలోని చీకటి గదులలోనే పూస్తాయన్న సంగతి ఎందరికి తెలుసు?

కార్‌చోబ్ పని ఎరుగనివారి కొరకు నాలుగు మాటలు. మొదట కాగితం మీద నమూనా గీసి, ఆ గీతల వెంబడి సూదితో సన్నని రంధ్రాలు పొడుస్తారు. ఆ ఖాకాను బట్ట మీద పరచి, కిరోసిన్‌లో కలిపిన రంగుపొడి రుద్దితే చుక్కలు దిగుతాయి. ఆ బట్టను కర్రల చట్రానికి బిగించి, దాని ముందు నేల మీద కూర్చుంటారు. ఎడమ చేయి క్రింద నుండి దారం అందిస్తుంది. కుడి చేయి పై నుండి ఆరీ సూది దించుతుంది. సల్మా, సితారా, దబ్కా, కటోరీ ఒక్కొక్కటిగా కూర్చుతూ పోతే ఒక పువ్వు పూర్తయ్యేసరికి నడుము వంగిపోతుంది, కన్ను మసకబారుతుంది. కూలి మాత్రం పీసు లెక్కన.

ఇక ఆ విద్యార్థిని సంగతి. గత విద్యాసంవత్సరం డిగ్రీ చివరి తరగతికి ‘నా ఆశయం’ అన్న అంశం మీద వ్యాసం వ్రాయమన్నాము. అందరూ చెప్పిన గడువుకే తెచ్చి ఇచ్చినారు. ఈ అమ్మాయి మాత్రం మూడు రోజులు ఆలస్యంగా తెచ్చినది. మేము మందలించినాము. ఆమె బదులు చెప్పక చేతులు చాచి చూపినది. వ్రేళ్ళ కొసల నిండా సూదిపోట్లు. పెండ్లిళ్ళ కాలమనీ, ఇంటిల్లిపాదీ చట్రం ముందే కూర్చున్నామనీ మెల్లగా అన్నది.

వ్యాసం చదివినాము. తరగతిలో చాలామంది ఉపాధ్యాయులము కావాలనీ, నర్సులము కావాలనీ వ్రాయగా, ఈమె తన పేరుతో చిన్న బట్టల దుకాణం పెట్టాలని వ్రాసినది. ఏడాదికి కొద్ది దుపట్టాలే చేసినా చాలుననీ, అవి ఎంత మంచివిగా ఉండాలంటే కొన్నవారు తమ కూతుళ్ళకు దాచి ఇచ్చేటంతగా ఉండాలనీ ఆమె కోరిక. ఆ ఆశకు కారణం కూడా చెప్పినది. తాను వారాల తరబడి కుట్టిన దుపట్టా ఒకటి నగరంలోని పెద్ద దుకాణపు అద్దాల వెనుక వ్రేలాడుతూ కనిపించినదట. లోపలికి వెళ్ళి, కొనేదానివలె నటించి అంచు తిప్పి చూచినదట. శాటిన్ చీటీ మీద అందంగా మరొకరి పేరు.

“కుట్టింది నేను సార్. పేరు మాత్రం వాళ్ళది. నా పేరు పెట్టుకొని నేనే ఎందుకు కుట్టకూడదు?” అని అడిగినది.

అప్పుడు మేము చెప్పిన జవాబు తలచుకొంటే ఈనాటికీ సిగ్గు కలుగుతుంది. “ముందు డిగ్రీ పూర్తి చెయ్యమ్మా. ఆ పైన బి.ఎడ్. చూద్దాం. సూదిపని ఎక్కడికి పోతుంది?” అన్నాము. ఆమె తల వంచుకొని నోట్‌బుక్ తీసుకొని వెళ్ళిపోయినది.

ఆ సాయంకాలం ఇంటికి పోయేసరికి మా తల్లిగారు కిటికీ ప్రక్కన కూర్చుని పాత డబ్బాలోని సితారాలు ఏరుకొంటున్నారు. ఇప్పుడు ఆమెకు చూపు ఆనదు. పని మానుకొని చాలాకాలమైనది. అయినా డబ్బా పారవేయనివ్వరు. ఆ డబ్బాను చూచిన క్షణాన మాకు మా మాటలే ఎదురు తిరిగినవి. మా బడి ఫీజు ఆ డబ్బాలో నుండి వచ్చినది. ఉర్దూ ఇంట పుట్టి తెలుగు ఎం.ఏ. చదువుతామని పట్టుబట్టిన నాడు బంధువులు నవ్వినా, విశ్వవిద్యాలయంలో చేరడానికి కావలసిన రొక్కం ఆ తల్లి ఒక పెండ్లి జోడు కుట్టి తెచ్చి చేతిలో పెట్టినారు. సూదిపని ఎక్కడికి పోతుందని ఎగతాళిగా అన్నాము గదా. అది మమ్మల్ని ఉపన్యాసకుల కుర్చీ దాకా మోసుకొని వచ్చినది.

మరునాటి నుండి ఈ విషయాన్ని గురించి చదవసాగినాము. సొంత పేరుతో విలువైన వస్త్రాల సంస్థలు నెలకొల్పిన స్త్రీలు ఎవరు, వారికి ప్రేరణ ఎక్కడ నుండి వచ్చినదని వెదకినాము. ప్యారిస్ నగరంలో జాన్ లాన్వాఁ అనే ఆమె 1889లో టోపీల దుకాణంతో ఆరంభించినారు. 1897లో ఆమెకు కూతురు పుట్టినది. ఆ బిడ్డకు కుట్టిన గౌనులు చూచి ఇతర తల్లులు తమ పిల్లలకూ అటువంటివే కావాలన్నారు. అలా 1908లో పిల్లల దుస్తుల విభాగం, ఆ వెంటనే పెద్దల దుస్తులు. ఆ సంస్థ చిహ్నంలో నేటికీ చేతులు కలిపిన తల్లీ కూతుళ్ళ బొమ్మ ఉంటుంది. మన దేశంలో 1960ల దశకంలో రీతూ కుమార్ కలకత్తా పరిసరాలలోని అచ్చు అద్దకపు పనివారితో చిన్నగా పని మొదలుపెట్టినారు. ప్రేరణ అంటే ఆకాశం నుండి ఊడిపడేది కాదని, ప్రక్కనున్న మనుషులలోనే అది ఉంటుందని ఈ ఇద్దరి కథలూ చెబుతున్నవి.

అయితే అసలు ఉదాహరణ మన నగరంలోనే ఉన్నది. 1928లో పుట్టిన సురయ్యా హసన్ బోస్‌ను అందరూ సురయ్యా ఆపా అని పిలిచేవారు. స్వదేశీ భావాల కుటుంబం వారిది. ఆమె పినతండ్రి ఆబిద్ హసన్ సఫ్రానీ నేతాజీ సుభాష్ చంద్రబోస్ సహచరుడు. 1943లో జర్మనీ నుండి ఆసియాకు జలాంతర్గామిలో నేతాజీతో కలిసి ప్రయాణించినవాడు. ‘జైహింద్’ నినాదానికి కర్తగా పేరు పొందినవాడు. నేతాజీ అన్న కుమారుడైన అరబిందో బోస్‌ను సురయ్యా ఆపా వివాహమాడినారు. ఢిల్లీలో పుపుల్ జయకర్ వంటివారితో కలిసి చేనేత, హస్తకళల ఎగుమతుల సంస్థలో పని చేసి, 1970ల దశకంలో హైదరాబాదుకు తిరిగివచ్చినారు. ఆ తరువాత దర్గా హుసేన్ షా వలీ ప్రాంతంలో మగ్గాలు నెలకొల్పినారు. ఆ శాలకు ‘సురయ్యాస్ వీవింగ్ స్టూడియో’ అని తన పేరే పెట్టినారు.

ఆమె చేపట్టినవి అన్నీ ఆరిపోతున్న దీపాలే. నూలునూ పట్టునూ కలిపి పువ్వులు నేసే హిమ్రూ ఒకనాడు నవాబుల షేర్వాణీలకు వాడిన వస్త్రం. దినమంతా శ్రమించినా నేయగలిగేది కొద్ది అంగుళాలే. మష్రూ మరొకటి. పైకి పట్టు మెరుస్తుంది. ఒంటికి తగిలే ప్రక్క నూలు ఉంటుంది. పట్టు శరీరానికి తగులరాదని నమ్మిన ముస్లిములు కూడా దానిని ధరించవచ్చును కాబట్టి షరా సమ్మతమన్న అర్థంలో ఆ పేరు వచ్చినదంటారు. పైఠనీ, జామావార్ నేతలు కూడా ఆమె మగ్గాల మీద మళ్ళీ ప్రాణం పోసుకొన్నవి. పాత గుడ్డముక్కలు సేకరించి, ఒక్కొక్క పోగూ లెక్కించి, చెరిగిపోయిన నమూనాలను తిరిగి మగ్గం ఎక్కించడం ఆమె విద్య.

ఇంతకన్న గొప్ప సంగతి మరొకటి ఉన్నది. తరతరాలుగా మగవారి చేతులలోనే ఉన్న ఆ నేతను ఆమె భర్తలు పోయిన నిరుపేద స్త్రీలకు నేర్పించినారు. అనుభవజ్ఞుడైన నేతగాడిని గురువుగా పెట్టి, మగ్గం ముందు ఎన్నడూ కూర్చోని ఆడవారిని నేతగత్తెలుగా తీర్చిదిద్దినారు. పనివారి పిల్లల కొరకు ఆ ప్రాంగణంలోనే పినతండ్రి పేరిట సఫ్రానీ మెమోరియల్ స్కూలు నడిపినారు. అమ్మ మగ్గం మీద ఉండగా బిడ్డ బడిలో ఉండేది. చదువా, చేతిపనా అన్న ప్రశ్నే అక్కడ లేదు. మా విద్యార్థినికి మేము పెట్టిన ఆ తప్పు ప్రశ్నకు సమాధానం మా నగరంలోనే, ఒక బస్సు ప్రయాణం దూరంలోనే ఉండగా మేము ఎరుగకపోయినాము. 2021లో తొంభై ఏళ్ళు దాటిన వయసున ఆమె కన్నుమూసినారు. బ్రతికి ఉండగా ఒక్కమారైనా చూచి రాలేదే అన్న విచారం మాకు మిగిలినది.

ఈనాటి వ్యాపార భాషలో బ్రాండు అంటున్నది మరేమీ కాదు, పేరు. అయితే పేరు రెండు విధాలు. ఇతరుల పేరు చెరిపి దాని మీద వ్రాసుకొనేది ఒకటి. పదిమంది బ్రతుకుకు పూచీగా నిలబడేది మరొకటి. సురయ్యా ఆపా పేరు రెండవ జాతికి చెందినది. నేడు పాతబస్తీలో ఎవరైనా అమ్మాయి సొంత చీటీ కుట్టుకొని, తన క్రింద మరో నలుగురిని పీసు కూలికి కూర్చోబెట్టి, వారి పేరు ఎవరికీ తెలియనివ్వకపోతే, యజమాని మారినాడే తప్ప అన్యాయం మారలేదని గ్రహించాలి.

పరీక్షలకు ముందు ఆ విద్యార్థినిని పిలిపించి, మేము చెప్పినది పొరపాటు అన్నాము. ఉపన్యాసకుడు విద్యార్థి ఎదుట తప్పు ఒప్పుకోవడం అంత సులభం కాదు. కాని ఒప్పుకొన్న తరువాత గుండె తేలిక పడినది. డిగ్రీ మానవద్దు, సూదీ మానవద్దు అన్నాము. ఇద్దరమూ కూర్చుని కాగితం మీద లెక్క వేసినాము. బట్ట ధర, జరీ ధర, చట్రం ముందు గడిచిన గంటలు, దీపం ఖర్చు, చెడిపోయిన పీసుల నష్టం అన్నీ వ్రాసినాము. ఆమె ఇంట ఇంతవరకు ఎవరూ తమ గంటలను లెక్కలో వ్రాయలేదట! ఇంట్లో ఉన్న పాత ఖాకాలను పారవేయక, ఏది నానమ్మది, ఏది పెద్దమ్మది అని వ్రాసి భద్రపరచమన్నాము. హస్తకళల వారికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ‘పహచాన్’ కార్డుకు ఇంటిలోని ఆడవారందరి చేత దరఖాస్తు పెట్టించమన్నాము. పహచాన్ అంటే గుర్తింపే కదా.

ఆమె ఇప్పటికి నాలుగు దుపట్టాలు తన పేరుతో అమ్మినది. నాలుగే. పీసు కూలి పని ఇంకా మానలేదు. మానగలిగే స్థితి ఇంకా రాలేదు. కాని ఆ నాలుగింటికీ కట్టిన చీటీల మీద తన పేరు క్రింద, కుట్టిన పిన్నిగారి పేరూ, చెల్లెలి పేరూ వ్రాసినది. ఇది మేము చెప్పినది కాదు. ఆమెకే తోచినది.

ఈ సంగతి ఇంట చెప్పగా మా తల్లిగారు చాలాసేపు ఊరకున్నారు. “అమ్మీ, మీ పని మీద ఏనాడూ మీ పేరు లేదు కదా, బాధ కలగలేదా?” అని అడిగినాము. ఆమె నవ్వి ఉర్దూలో అన్నారు: “పేరు లేదని ఎవరన్నారు బేటా? నేను కుట్టిన ప్రతి దుపట్టాకు ఒక మూల, మడత లోపల, ఒక ఎర్ర సితారా ఉంటుంది. సేఠుకు తెలియదు. నాకు తెలుసు.”

ఇన్నేళ్ళూ ఆ చట్రం ప్రక్కనే కూర్చుని పాఠాలు చదువుకొన్న మాకు కూడా అది తెలియదు.

విద్యార్థినులారా! మీ అమ్మలు మడత లోపల దాచవలసి వచ్చిన ఆ సితారాను మీరు బయటకు తీసి పై అంచున కుట్టండి. దాని ప్రక్కన, మీతో కూర్చుని కుట్టినవారి సితారాకు కూడా చోటు ఉంచండి. విద్యార్థులారా! మీ ఇండ్లలో చట్రం ముందు కూర్చున్న అక్కచెల్లెళ్ళ గంటలను ఈ రాత్రి నుండైనా లెక్కించండి. కళాశాల యాజమాన్య సంఘంవారికి మా మనవి ఒకటే. వార్షికోత్సవంలో పద్యాలకూ, షాయరీకీ వేదిక ఉన్నట్లే, మన విద్యార్థినుల చేతిపనికి ఒక బల్లైనా వేయించండి. ఆ బల్ల మీద ప్రతి వస్తువు ప్రక్కన, చేసినవారి పేరు తెలుగులోనూ, ఉర్దూలోనూ వ్రాసి పెట్టే పని మేము సంతోషంగా చేస్తాము.