బొబ్బిలి దారిలో శీతోష్ణస్థితులు



కడచిన వైశాఖమాసమున మేము విశాఖపట్టణము నుండి బొబ్బిలికిని, అచ్చటినుండి కొండలెక్కి కోరాపుటునకును బోయి వచ్చితిమి. మా చెల్లెలి కుమార్తె కోరాపుటులో కాపురమున్నది. ఆమె చిన్ననాట నేర్చి విడిచిన వీణను మరల చేపట్టదలచి, బొబ్బిలి వీణ నొకదానిని తెచ్చి యిమ్మని కోరినది. మా వదినెగారును మాకు తోడు వచ్చిరి. రెండు దినముల ఆ ప్రయాణములో మేము తెలిసికొన్న సంగతులు గృహిణుల కుపయోగపడునని యిచట వ్రాయుచున్నాము.

విశాఖలో రైలెక్కునప్పటికి ప్రొద్దు బారెడైనను ఎక్కలేదు. అయినను చెమటచే చీరలు తడిసి ఒంటికంటుకొనెను. విజయనగరము దాటి బండి లోనాటికి సాగినకొలది గాలి పొడియై వేడెక్కెను. చెమట మాత్రము కానరాలేదు. వదినెగారు విసనకఱ్ఱ దించి, “సూర్యుడొక్కడే కదా! పూట తిరుగకముందే ఎండ రెండు రకములుగా నేల మారవలెను?” అని యడిగిరి.

దీనికి మొదటి కారణము సముద్రము. నీరు మెల్లగా కాగి మెల్లగా చల్లారును. నేల త్వరగా కాగి త్వరగా చల్లారును. పగలు నేలమీది గాలి వేడెక్కి పైకి లేవగా, ఆ చోటు నింపుటకు కడలిమీది చల్లనిగాలి ఒడ్డునకు వీచును. అందుచే తీరమున ఎండ తీవ్రత తగ్గును. కాని ఆ గాలిలో నీటియావిరి మెండగుటచే చెమట ఆరదు. బొబ్బిలి సముద్రమునకు సుమారు 60 కిలోమీటరుల లోపల నున్నది. అంతదూరము వచ్చుసరికి కడలిగాలి బలముడుగును. పడమటి నుండి వచ్చు పొడి వడగాలికి అడ్డుండదు.

బొబ్బిలిలో దిగినతోడనే యుద్ధస్తంభమును జూడవలెనని మాకు తొందర కలిగెను. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన జరిగిన బొబ్బిలియుద్ధపు కథను బుఱ్ఱకథగా వినని తెలుగు పిల్ల యుండునా? నడిమధ్యాహ్నమని తలపక నడచితిమి. చెమట పట్టకపోవుటచే అలసట తెలియలేదు. సగము దారిలో వదినెగారు, “కన్నులు తిరుగుచున్నవి” అని యొక అరుగుమీద కూలబడిరి. మా గుండె గుభిల్లుమనెను.

ఆ యింటి ముసలమ్మ పరుగున వచ్చి, “ఓలమ్మా! ఈ ఎండలో ఎక్కడికమ్మా? కూకోండి. ఈ ఎండ చెమట సూపించదు గానీ పేనం తీస్తది” అనుచు వదినెగారిని నీడకు జేర్చి, తడిగుడ్డ నుదుట వేసి, ఉప్పు గలిపిన తరవాణిని గుక్కగుక్కగా త్రాగించెను. అరగంటకు వదినెగారు తేరుకొనిరి. ముసలమ్మ పలికిన మాట అక్షరాల నిజము. పొడిగాలిలో చెమట పుట్టినదే తడవుగా ఆరిపోవుటచే ఒంటినీరు తరుగుట మనకు తెలియదు. 2015వ సంవత్సరము మే నెలలో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి పైగా వడదెబ్బచే మరణించిరి. దాహము వేయువఱకు ఆగక నీరు, మజ్జిగ, అంబలి పుచ్చుకొనుటయు, నడిపగలు బయటకు పోకుండుటయు మన చేతిలోని రక్షణలు.

ఆ యరుగుమీదనే వదినెగారి ప్రశ్నకు తక్కిన సమాధానము చెప్పితిమి. భూమధ్యరేఖకు దగ్గఱనున్న చోట్ల సూర్యకిరణములు నిలువుగా పడును. దూరమైనకొలది ఏటవాలుగా పడి, వేడి తగ్గును. బొబ్బిలి సుమారు పద్దెనిమిదిన్నర డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. ఇచట సూర్యుడు నడినెత్తికి వచ్చుట ఏటికి రెండుమారులు: మే నెల నడుమ నొకసారి, జూలై చివర నొకసారి. మేలో మాడిపోదుము, జూలైలో అంత వేడి యుండదు. అప్పటికి నైరృతిగాలి మబ్బులను గొడుగువలె పట్టుటయే కారణము.

అక్షాంశ మొక్కటే చాలదనుటకు మఱొక నిదర్శనము. సూడానుదేశములో నైలునది యొడ్డున కరీమా యను ఊరున్నది. అదియు ఇంచుమించుగా బొబ్బిలి అక్షాంశమే. అయినను అది ఎడారి, వాన మిక్కిలి యరుదు. బొబ్బిలి ప్రాంతమున ఏటికి సుమారు 1100 మిల్లీమీటరుల వాన కురియును. కడలిమీదుగా వచ్చు గాలి నీరు మోసికొని వచ్చును. ఎడారిమీదుగా వచ్చు గాలి తేమలేనిది. ఆ కడలిగాలియే ఒక్కొక్కప్పుడు తుపానై విరుచుకొనిపడును. 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖను తాకిన హుద్‌హుద్ ఈ ప్రాంతముల తోటల నెట్లు కూల్చెనో ఇచటివారు మరువలేదు.

ప్రొద్దు వాలినపిదప గొల్లపల్లికి బోయి, పనసదుంగ నొక్కదానినే తొలిచి చేసిన వీణను కొంటిమి. “మెట్లు మైనముమీద నిలిచియున్నవి. ఎండతగులనీయకుడు, మైనము మెత్తబడిన మెట్లు కదలును” అని చేసినవారు హెచ్చరించిరి. మనుష్యులకే కాదు, వీణకును వడదెబ్బ కలదన్నమాట!

మఱునాడు తెల్లవారుజామున సాలూరు మీదుగా ఘాటుదారి నెక్కితిమి. ఒక్కొక్క మలుపునకు గాలి చల్లబడెను. కిలోమీటరు ఎత్తునకు సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గును. బొబ్బిలి సముద్రమట్టమునకు నూరు మీటరుల ఎత్తున నుండగా, కోరాపుటు సుమారు 870 మీటరుల ఎత్తున నున్నది. వదినెగారు కొంగు భుజములచుట్టు కప్పుకొనిరి. కొండలు చలువ నిచ్చుటయే కాక వాననుగూడ పంచును. గాలి కొండనెక్కునపుడు చల్లబడి కురియును. ఆవలివైపు దిగునప్పటికి తేమ తగ్గియుండును. పడమటి కనుమల కీవల సుమారు 700 మిల్లీమీటరులు కురియు పూనాకును, ఆవల 2000కు మించి కురియు ముంబయికిని గల తేడా ఇదియే. కడలిలోని ప్రవాహములును ఇట్టి పనియే చేయును: పెరూదేశపు లీమానగరము కడలి యొడ్డుననే యున్నను, అచటి చల్లని ప్రవాహముచే వాన దాదాపు లేదు.

ఈ యేర్పాటులన్నియు మనుష్యుడు చేసినవి కావు. కాని బొగ్గు, చమురు మండించుటచే భూమి సగటు వేడి పందొమ్మిదవ శతాబ్దపు చివరినాటికంటె ఒక డిగ్రీకి పైగా పెరిగినది. ఆ ముసలమ్మ యరుగుకు నీడనిచ్చిన వేపచెట్టు ఎంత విలువగలదో ఆనాడు తెలిసినది. చెట్టు నీడ నిచ్చుటయే గాక ఆకులనుండి ఆవిరిని విడిచి గాలిని చల్లబఱచును.

కోరాపుటు చేరి వీణను విప్పగా, కుదుపులచేతను చలువచేతను శ్రుతి తప్పియుండెను. అమ్మాయి బిరడలు సవరించి తంత్రి మీటగా వదినెగారి కన్నులు చెమర్చెను. “తిరుగుదారిలో ఆ ముసలమ్మకు ఒక చీర పెట్టవలెను, ఈసారి సాయంకాలము బండికి పోదము” అనిరి. అట్లే చేసితిమి.