పనికిరాని బీడు

లంకమల కొండల కింద మాకు ఐదెకరాల బీడు ఉంది. కలివి పొదలు, రేగు, తుమ్మ తప్ప అందులో ఏమీ లేవు. మేకలు మేయడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదని అనుకునేవాళ్లము. పిల్లల పైచదువులకు డబ్బు కావలసి వచ్చి, రెండేండ్ల క్రితం ఆ బీడంతా చదును చేయించి నిమ్మతోట వేయాలని నిశ్చయించుకున్నాము. జేసీబీ కూడా మాట్లాడుకున్నాము.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా నాయన, "అబ్బీ, మా చిన్నప్పుడు పొద్దు గుంకినాక ఆ పొదల్లో కలివికోడి కూసేది. ఇప్పుడు దాని చోటు కూడా తీసేస్తారా?" అన్నాడు. ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము.

ఆ పక్షిని గురించి విచారించాము. జెర్డన్ అనే వైద్యుడు కనుగొనగా, 1848లో అది శాస్త్రగ్రంథాలకెక్కింది. 1900లో దానిని చూచినట్లు తెలియజేసినవారు కడప ప్రాంతంలో సేవ చేసిన లండన్ మిషను మిషనరీ హోవర్డ్ క్యాంప్‌బెల్ గారు. ఆ తరువాత 86 సంవత్సరాలు ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మన కడప జిల్లాలోనే ఒక రాత్రి పల్లెవాసి చేతికి చిక్కింది. దాని కోసం 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

కలివికోడి పేరు రెండు పట్టికల్లో ఉంది. ఒకటి అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం వారి ఎర్ర పట్టిక. అందులో దీనిది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల వరుస. ఆ పట్టిక హెచ్చరిస్తుంది గాని ఎవరినీ శిక్షించదు. రెండవది మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలు. ఆ షెడ్యూలులోని ప్రాణిని వేటాడితే మూడు నుండి ఏడేండ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా.

అయితే మాది అభయారణ్యానికి బయట ఉన్న పట్టా భూమి. పొదలు కొట్టవద్దని మాకు ఎవరూ చెప్పలేదు. పక్షిని పడితే జైలు. అది తలదాచుకునే పొదలను పెరికితే అడిగేవారు లేరు! ఈ మాట మా మనస్సులను గుచ్చింది. పైగా కలివికోడికి దట్టమైన అడవీ పనికిరాదు, బోడి నేలా పనికిరాదట. పొదకూ పొదకూ నడుమ నడవడానికి ఖాళీ నేల ఉండాలట. అంటే మేకలు మేసిన మా బీడులాంటిదే!

మూడు రోజులు ఇంట్లో వాదులాడుకున్నాము. పిల్లల భవిష్యత్తు కంటే పక్షి ఎక్కువా అని కొందరము, అమ్ముకోవడానికి అది మనం చేసిన సృష్టి కాదుగదా అని కొందరము. చివరకు రెండెకరాల్లో నిమ్మ వేసి, మూడెకరాల పొదలను వదిలివేశాము. పెద్దమ్మాయి హాస్టలు ఫీజుకు పాడి బర్రెను అమ్మవలసి వచ్చింది. ఆ లోటు ఇంకా తీరలేదు.

ఇంతవరకు కలివికోడి కూత మాకు వినబడలేదు. అయినా సాయంకాల ప్రార్థన ముగిసిన తరువాత నాయన గట్టు మీద కూర్చొని చెవి యొగ్గి వింటూ ఉంటాడు. పిచ్చుకలను సైతం మరువని దేవుడు ఈ పొదల పక్షిని మరచునా?

ప్రియమైన చదువరులారా, చట్టం పక్షి మీద పడే చేతిని ఆపగలదు. పొదను నిలబెట్టవలసింది మాత్రం పొలం గలవాడే. మీ ఊరి బీడును పనికిరానిదని అనేముందు, అందులో ఏ ప్రాణి బ్రతుకుతున్నదో ఇంట్లో పెద్దలను ఒక్కమాట అడగండి.