తోలు బ్యాగును ఎండకు వెయ్యొద్దు



వర్గీకరణ మీద మూడో భాగం వచ్చే వారం. ఈ వారం ఒక బ్యాగు గురించి రాస్తాను.

మొన్న పీజీ చదువుతున్న ఒక తమ్ముడు ఇంటికి వచ్చాడు. భుజాన ఉన్న బ్యాగు పట్టీ దగ్గర పొక్కులు లేచి నల్లగా పొట్టు రాలుతోంది. "తోలుదంటే పదిహేను వందలు పెట్టి కొన్నన్నా, రెండేండ్లు కూడా కాలే" అన్నాడు. తిప్పి చూశాను. పొట్టు రాలిన చోట అడుగున బట్ట కనిపిస్తోంది. అది తోలు కాదు, బట్ట మీద ప్లాస్టిక్ పూత. మన వానాకాలం తేమకు ఆ పూత పగిలి రాలుతుంది. దానికి ఏ నూనె రాసినా లాభం లేదు. నిజమైన తోలు అయితే కోసిన అంచున పీచు కనిపిస్తుంది, వెనకవైపు నూగుగా ఉంటుంది. కొనే ముందు బ్యాగు లోపలి అంచు ఒకసారి తిప్పి చూడండి. షాపువాడు ఏం చెప్పాడన్నది తర్వాత.

నా బ్యాగు చూపించాను. నా దగ్గరకు వచ్చి పద్నాలుగేళ్లు. అంతకు ముందు ఎవరి దగ్గర ఎన్నేళ్లు ఉందో తెలియదు. "ఎట్ల కాపాడినవన్నా?" అని అడిగాడు. నేను కాపాడలేదు. నేను పాడు చేశాను. కాపాడింది మా బాపు.

బాపు ఎర్రగడ్డలో ఫుట్‌పాత్ మీద చెప్పులు కుడతాడు. మెదక్ పక్క పల్లె నుంచి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఆదివారం ఎర్రగడ్డలో సంత ఉంటుంది కదా, పాత ఫ్యాన్ల నుంచి పాత బూట్ల దాకా రోడ్డు మీద కుప్పలు పోసి అమ్ముతారు. 2011లో నేను డిగ్రీ అయిపోయి అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులో చేరినప్పుడు, బాపు ఆ సంతలో ఒక పాత ఆఫీసు బ్యాగు పట్టుకొచ్చాడు. పట్టీ తెగిపోయింది, జిప్పు లేదు, తోలు ఎండి గీతలు పడి ఉంది. నాకైతే చెత్త. బాపు మాత్రం వేలితో గట్టిగా నొక్కి వదిలాడు, ముడత వచ్చి మెల్లగా పోయింది. "మంచి తోలు బిడ్డా, ఆకలితోటి ఉన్నది" అన్నాడు.

రెండు రాత్రులు కూర్చున్నాడు. పాత కుట్లన్నీ విప్పాడు. దారానికి మైనం పట్టించి, ఆరెతో బెజ్జం చేసి, రెండు సూదులతో అటు నుంచి ఒకటి ఇటు నుంచి ఒకటి దూర్చి కుట్టాడు. మిషన్ కుట్టుకు పైదారం, కిందిదారం ఒకదానికొకటి మెలికపడి ఉంటాయి, ఒకచోట తెగితే పక్కవి కూడా వదులవుతూ పోతాయి. రెండు సూదుల కుట్టులో ఒకటి తెగినా మిగతావి పట్టుకునే ఉంటాయి. ఆ కుట్టు ఇప్పటికీ ఊడలేదు.

ఆ బ్యాగు వేసుకుని కోచింగుకు పోయిన మొదటి రోజే ఒకడు ముక్కు మూసుకున్నాడు. "ఏందిరా, చెప్పుల దుకాణం వాసనొస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నోట మాట రాలేదు. అప్పటికప్పుడు ఒక అబద్ధం పుట్టింది. "మా మామ దుబాయ్ నుంచి తెచ్చిండు" అన్నాను. అంతే, అదే వాసన ఒరిజినల్ లెదర్ స్మెల్ అయిపోయింది. ముక్కు మూసుకున్నవాడే మరుసటి వారం బ్యాగు పట్టుకుని చూసి, కుట్టు చూడరా, ఫారిన్ వాళ్ల పనే వేరు అన్నాడు.

ఆ మాటకు నేను లోపల నవ్వుకున్నానని రాస్తే బాగుంటుంది. నవ్వుకోలేదు. భయపడ్డాను. ఆ రోజు నుంచి ఇంటికి వచ్చేటప్పుడు ఎర్రగడ్డ దాకా రాకుండా ఒక స్టాపు ముందే, ఈఎస్‌ఐ దగ్గర దిగి నడిచేవాణ్ని. అదే బస్సులో కూకట్‌పల్లి పోయే దోస్తులు ఉండేవారు, మా బాపు కూర్చునే చోటు ఎర్రగడ్డ స్టాపు పక్కనే. మరుసటి ఏడు ఎండాకాలం చివర్లో బ్యాగు బకిల్ వదులైంది. ఒక దోస్తు, "ఎర్రగడ్డలో ఒక మోచి ఉన్నడు, మస్తు కుడతడు, పా పోదాం" అన్నాడు. ఆ రాత్రి బ్యాగును ప్లాస్టిక్ కవర్లో కట్టి, పైన సజ్జ మీదికి తోసేశాను. నైలాన్ బ్యాగు కొనుక్కున్నాను. బాపు ఏమీ అడగలేదు.

వానలు పోయాక అమ్మ సజ్జ దులుపుతుంటే కవర్ కింద పడింది. విప్పితే బ్యాగంతా తెల్లగా, మధ్యలో పచ్చగా బూజు. నేను తీసుకుపోయి పారేస్తానన్నాను. బాపు నా చేతిలోంచి తీసుకున్నాడు.

ఇప్పుడు బాపు చేసింది చెబుతాను, మీకూ పనికొస్తుంది. ముందు బ్యాగును ఇంటి బయటికి తెచ్చాడు. లోపల దులిపితే బూజు గదంతా పడుతుంది. పొడి నూలు బట్టతో తుడిచి, ఆ బట్టను పారేశాడు. ఇంకో బట్టను నీళ్లలో ముంచి గట్టిగా పిండి, ఒకసారి తుడిచాడు. సబ్బు పెట్టలేదు. తోలు పీచుల మధ్య కొవ్వు ఉంటుంది, దానివల్లే అది మెత్తగా వంగుతుంది. సబ్బు, సర్ఫు ఆ కొవ్వును తీసేస్తాయి. తర్వాత లోపల పాత చీరముక్కలు కుక్కి ఆకారం తెచ్చి, నీడలో, గాలికి రెండు రోజులు ఉంచాడు. నేను ఎండకు పెడతానంటే కసిరాడు. తడి తోలుకు వేడి తగిలితే కుదించుకుపోయి గట్టిపడుతుంది, మళ్లీ మెత్తబడదు. (హాస్టల్లో తడిసిన బెల్టుల్ని ఇస్త్రీపెట్టె దగ్గర ఆరబెట్టే తమ్ముళ్లు వింటున్నారా?)

పూర్తిగా ఆరాక ఆముదం. ముందు అడుగున ఒక మూల రాసి రంగు ఎంత ముదురుతుందో చూశాడు. తర్వాత బట్ట మీద రెండు మూడు చుక్కలే వేసి, పల్చగా రుద్దుకుంటూ పోయాడు. గంట ఆగి మిగిలిన జిడ్డు తుడిచేశాడు. ఎక్కువ రాస్తే తోలు సాగుతుంది, దుమ్ము పడుతుంది. కొబ్బరినూనె వద్దన్నాడు, కొన్నాళ్లకు కంపు కొడుతుంది. మీ బ్యాగు లేతరంగుదైతే ఆముదం కూడా వద్దు, దుకాణాల్లో రంగులేని లెదర్ క్రీము దొరుకుతుంది, అది చాలు. నూగు పైకి ఉండే తోలుకు ఏదీ రాయొద్దు.

తుడుస్తూ తుడుస్తూ బాపు తలెత్తకుండా అన్నాడు: "గీ తోలును కవర్ల కడితె గాలాడదు. ఇంకొకటి బిడ్డా, ఈఎస్‌ఐ కాడ దిగి నడుస్తె ఎండ తగుల్తది. బస్సు ఎర్రగడ్డ దాకా వస్తది గదా."

తెలుసన్నమాట. ఏడాదిగా తెలుసు.

ఆముదం సంగతి బాపుకు తాత దగ్గర వచ్చింది. మా తాత ఊళ్లో లంద పెట్టిన చివరి మనిషి. చచ్చిన పశువు తోలు తెచ్చి, సున్నం నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్కతో ఊనేవారు. తోలునే సంచిలా కుట్టి, లోపల చెక్క నింపి, నీళ్లు పోసి వేలాడదీసేవారట. కారిన నీళ్లు కింద కుండలో పడితే మళ్లీ పైన పోయడం. అంటే తోలు ఏదో ఒక వస్తువయ్యే ముందే ఒకసారి సంచి అయ్యేది. ఆ తోలుతోనే ఊరందరికీ మోట బొక్కెనలు. ఎండిపోకుండా వాటికి ఆముదం. మాదిగవాడు కుట్టిన బొక్కెనతో తోడిన నీళ్లు పొలానికి పారాయి. ఆ మాదిగవాడు మాత్రం ఊరి బావి ముట్టుకోవద్దు. కరెంటు మోటార్లు వచ్చాక మోట పోయింది, లంద పోయింది. తంగేడు పువ్వు ఇప్పుడు మన రాష్ట్ర పుష్పం. బతుకమ్మకు పువ్వు తెంపే చెట్టుకే మా తాత చెక్క తీసేవాడు.

కంచ ఐలయ్య గారు 2009లో వచ్చిన 'పోస్ట్ హిందూ ఇండియా'లో మాదిగల పనిని సైన్సు అన్నారు. గచ్చిబౌలి వైపు ఫుట్‌వేర్ డిజైన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అక్కడ తోలు వస్తువుల డిజైన్ డిగ్రీగా చదవొచ్చు. మంచిదే, మన పిల్లలు అక్కడికీ పోవాలి. కానీ అక్కడ తోలు పట్టుకున్నవాడు డిజైనర్, ఎర్రగడ్డ ఫుట్‌పాత్ మీద పట్టుకున్నవాడు "ఏ మోచీ". ఈ తేడా జీతంలో ఒక్కదాంట్లోనే లేదు.

2016 జులై 11న ఉనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్నందుకు మన వాళ్లను బట్టలూడదీసి కొట్టారు. ఆ నెల మేము పంచిన కరపత్రాలు నేను ఈ బ్యాగులోనే మోశాను. వానలో తడిసింది. ఒక కామ్రేడ్, "మంచి బ్యాగు, ఎక్కడిది?" అని అడిగాడు. దుబాయ్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. "మా బాపు కుట్టిండు, ఎర్రగడ్డల కూసుంటడు" అన్నాను. ఐదేళ్లు పట్టింది ఆ వాక్యానికి.

ఇంకొన్ని చెప్పి ఆపుతాను. బ్యాగును మేకుకు పట్టీతో వేలాడదీయొద్దు, పట్టీ సాగిపోతుంది. దాచాల్సి వస్తే పాత దిండు గలీబులో పెట్టండి. బూట్ల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు ఉంటాయి కదా, రెండు లోపల వేయండి. చెయ్యి పట్టుకునే చోట చెమట ఉప్పు పేరుకుంటుంది, వారానికోసారి పొడిబట్టతో తుడవండి. ఆముదం వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, అంతే. అన్నిటికంటే ముఖ్యం, వాడుతూ ఉండండి. మొదటి కుట్టు ఊడిన రోజే మోచి దగ్గరికి పోండి, పట్టీ మొత్తం చేతికొచ్చేదాకా ఆగొద్దు. ఆయన చెప్పిన పైసలు ఇవ్వండి. మాల్‌లో అడగని బేరం అక్కడ అడగకండి.

ఆ తమ్ముణ్ని ఈ ఆదివారం పొద్దున్నే సంతకు రమ్మన్నాను. బాపు కుప్పలో ఏరి పెడతానన్నాడు. కుట్టేది కూడా ఆయనే. కాకపోతే ఈ మధ్య బాపుకు సూది బెజ్జం ఆనడం లేదు, దారం నేను ఎక్కిస్తాను.